గోధుమ పడనివాళ్ల బల్ల

ఐర్లండ్‌లోని లీట్రిమ్‌లో వాన మొదలైతే ఎప్పుడు ఆగుతుందో దేవుడికే తెలియాలి. అలాంటి ఒక మంగళవారం మధ్యాహ్నం, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన డింప్నా వంటింట్లో, అరవై రెండేళ్ల బ్రహ్మచారి మాలకీ బిస్కెట్ల డబ్బా నిండా రసీదులు ఒళ్లో పెట్టుకుని తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఆవుల్ని అదిలించినంత తేలిగ్గా ఆడవాళ్లతో మాట్లాడగలిగితే ఈపాటికి అతనికి మనవలు ఉండేవాళ్లు. అతని భయం పన్నువాళ్లను చూసి కాదు. ఆదివారం పూజయ్యాక చర్చి హాల్లో, గోధుమ పడనివాళ్ల చిన్న బల్ల దగ్గర, డింప్నా ఎదుటి కుర్చీ పోతుందేమోనని.

"అలా డబ్బాని కావలించుకుని కూర్చుంటే ఎలా మాలకీ? ఇటివ్వు."

"తడిసిపోయాయండీ డింప్నా గారూ. వానకి. ఇవాళ వద్దులెండి, ఇంకోసారి…"

"రేకు డబ్బా. మూత బిగుతుగా ఉంది. లోపలికి వాన ఎలా వెళ్లింది?"

"పోయినేడు తడిశాయి."

"అయితే ఈపాటికి ఆరి ఉంటాయిలే. ఇవ్వు."

"నాకసలు ఆ డబ్బే వద్దండీ."

"వద్దా! ఏం, లంకెబిందెలు దొరికాయా? సీలియాక్ జబ్బున్నవాళ్లు గోధుమ లేని తిండికి పెట్టిన ఖర్చులో నూటికి ఇరవై పన్నులోంచి వెనక్కిస్తారయ్యా. ఊళ్లోవాళ్ల రొట్టె రెండు యూరోలు. మనది ఆరు. అదీ అరచెయ్యంత. పట్టుకుంటే పొడుం. నాలుగేళ్ల వెనక్కి దాకా అడగొచ్చు. అడగందే అమ్మైనా పెట్టదు, పన్నువాళ్లు పెడతారా?"

"నాది రెండేళ్ల జబ్బేనండీ."

"రెండేళ్లదే అడుగుదాం. వారం వారం బల్ల దగ్గర చెవినిల్లు కట్టుకుని చెబుతున్నాను, ఇవాళ్టికి వచ్చావు. ముందు ఆ స్కోను బన్ను తిను. నీకోసమే చేశాను, బియ్యప్పిండితో. రవ్వంత గోధుమ లేదు."

"తిన్నానండీ."

"తినలేదు. జేబులో వేశావు. చూశాను."

"దారిలో తిందామని."

"దారికి వేరే ఇస్తాను. ఇంకోటి తీసుకో."

"వద్దండీ."

"తీసుకో."

"అబ్బే, వద్దు వద్దు. కడుపు నిండింది."

"తీసుకోవయ్యా మాలకీ!"

"మూడోసారి అడిగారు. ఇక కాదంటే బాగుండదు. ఒక్కటి."

"ఎలా ఉంది?"

"గట్టిగా… అంటే, గట్టి తిండండీ. పొలం పనివాడికి నిలబడే తిండి."

"నిలబడుతుందా?"

"ఇక్కడే నిలబడిందండీ, గొంతులో. కాసిని టీ…"

"ఇదిగో. మెల్లిగా తాగు."

"డింప్నా గారూ, ఏదో కమ్మటి వాసన వస్తోంది. సోడా రొట్టె వాసన. అసలు సిసలుది."

"పక్కింటినుంచి."

"పక్కిల్లు మైలు దూరం కదండీ."

"గాలి ఇటు వీస్తోంది. ఫారం సంగతి చూడు. ఇదిగో, మొదటి రసీదు. గోధుమ లేని రొట్టె ఒకటి, గోధుమ లేని బిస్కెట్లు రెండు పొట్లాలు. బాగుంది. ఇది? దూడల దాణా, ఇరవై అయిదు కిలోలు."

"అది దూడలదండీ."

"దూడలకి కూడా గోధుమ పడదా?"

"వాటికి అన్నీ పడతాయి. పొరపాటున డబ్బాలో పడింది."

"ఇదేంటి? చాక్లెట్ ఎక్లేర్ కేకులు ఆరు. మామూలువి! గోధుమవి!"

"అవా… అవి కుక్కకి."

"కుక్కకి ఎక్లేర్లా?"

"పుట్టినరోజండీ దానికి."

"ఏప్రిల్‌లో ఎక్లేర్లు. మేలో ఎక్లేర్లు. జూన్‌లో ఎక్లేర్లు."

"ముసలిది కదండీ. మళ్లీ ఏడాదికి ఉంటుందో లేదోనని నెలనెలా చేస్తున్నాను."

"ఇదిగో, పబ్బు బిల్లు. నల్ల బీరు నాలుగు గ్లాసులు. బార్లీతో చేస్తారయ్యా దాన్ని, మనకి విషం! ఇదీ కుక్కకేనా?"

"కాదండీ. నేనే. తాగలేదు. ఊరికే పట్టుకుని కూర్చున్నాను. నలుగురిలో ఖాళీ చేతులతో కూర్చుంటే ఏం బాగుంటుంది?"

"నాలుగు గ్లాసులా? నీకెన్ని చేతులు మాలకీ?"

"విడతలవారీగా పట్టుకున్నాను."

"సరేలే, వాటిని తీసి పక్కన పెడుతున్నాను. ఇప్పుడు అసలైనది. డాక్టరు ఉత్తరం ఏది?"

"ఏ ఉత్తరం?"

"ఫలానా మాలకీకి సీలియాక్ జబ్బుంది, గోధుమ, బార్లీ ముట్టకూడదు అని డాక్టరు రాసిచ్చిన ఉత్తరం. అది లేకపోతే ఈ డబ్బాడు కాగితాలూ పొయ్యి రాజేయడానికే."

"ఇంట్లో ఉందండీ."

"ఇంట్లో ఎక్కడ?"

"ఎక్కడో."

"ఏ డాక్టరు రాశాడు?"

"కియరన్."

"మన కియరన్? కియరన్ పశువుల డాక్టరు కదా!"

"ఎర్రావుకి రక్తం తియ్యడానికొచ్చాడండీ. పనిలో పని నాదీ తీశాడు."

"తీసి?"

"పరీక్షకి పంపాడు."

"పంపితే ఏమని వచ్చింది?"

"ఆవుకి ఏమీ లేదని వచ్చింది."

"నీ సంగతయ్యా!"

"నాది ఇంకా… మీ ఉత్తరం చూపించండి డింప్నా గారూ. దాన్ని చూసి అలాంటిదే రాయించుకొస్తాను, మంచి డాక్టరు దగ్గరే."

"నాదా?"

"మీకు జబ్బొచ్చి ఆరేళ్లయింది కదా. ఏటా మీరు పన్ను తెచ్చుకుంటూనే ఉంటారు. ఆ ఉత్తరం ఒక్కసారి…"

"టీ పొయ్యనా?"

"నిండుగా ఉందండీ."

"చల్లారి ఉంటుంది. వేడిది పోస్తాను."

"కారుతోందండీ! పళ్లెంలోకి… అయ్యో, ఫారం మీదికి…"

"కారనీ. పన్నువాళ్లు టీ మరక చూడలేదా ఏం? ఉత్తరం సంగతి తర్వాత. ముందు ఇక్కడ సంతకం పెట్టు."

"ఏమని?"

"'పైన చెప్పినదంతా నిజమని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.'"

"అలా రాసి ఉందా అందులో?"

"అచ్చేసి ఉంది."

"కళ్లజోడు తేలేదండీ."

"నీ ముక్కు మీదే ఉంది."

"పెన్ను రాయదేమో."

"ఇప్పుడే రాశాను దాంతో. ఏమయ్యా, ఏమైంది నీకు? పెన్ను కింద పెట్టేశావేం? ఒంట్లో బాలేదా? ఆ స్కోనుల్లో నేను పొరపాటున ఏమైనా…"

"స్కోనుల తప్పు కాదండీ. నేను సంతకం పెట్టలేను."

"ఎందుకు?"

"చెబితే మీరు నన్ను బల్ల దగ్గర కూర్చోనివ్వరు."

"ఏ బల్ల?"

"మన బల్ల. రేడియేటరు పక్కన, గళ్ల గుడ్డ పరిచినది. వారంలో నాకున్నది ఆ అరగంటే. మిగతా వారమంతా ఆవులే. అవి వింటాయి, కాదనను. తిరిగి మాట్లాడవు."

"చెప్పు మాలకీ. తినేయనులే."

"నాకా జబ్బు లేదు."

"ఏంటీ?"

"లేదు డింప్నా. ఎప్పుడూ లేదు. ఇనప మేకులు తిన్నా అరిగించుకుంటాను."

"మరి… మరి రెండేళ్లుగా…"

"ఆ ఆదివారం గుర్తుందా? నువ్వు ఒక్కదానివే ఆ బల్ల దగ్గర కూర్చున్నావు. నీ ముక్కకి ప్లాస్టిక్ కవరు, నీ వెన్నకి వేరే గిన్నె, నీ చాకుకి ఎర్ర దారం. అందరూ దూరం నుంచే చెయ్యి ఊపుతున్నారు, నీదేదో అంటురోగం అయినట్టు. నేనొచ్చి కుర్చీ లాగాను. హాల్లో కేకులు పంచే అసంప్టా పరిగెత్తుకొచ్చి, 'లే మాలకీ, నీ కోటంతా గోధుమ నలుసులు, ఆమెని చంపేస్తావు' అంది. నోట్లోంచి ఊడిపడింది. నాకూ పడదు అనేశాను."

"అనేసి?"

"అనేసి కూర్చున్నాను. అంతే. ఇక లేవలేదు."

"రెండేళ్లు ఆ రంపపు పొట్టు తిన్నావా!"

"నూట రెండు ఆదివారాలు. రెండు వారాలు ఆవులు ఈనాయి."

"ఇంటి దగ్గర ఎవరు చూస్తారయ్యా? ఇంట్లోకి కూడా ఎందుకు కొన్నావు?"

"కొట్లో చూస్తారుగా. నేను మామూలు రొట్టె కొంటే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. అందుకే ఆరు యూరోలది కొని… కుక్కకి పెట్టేవాణ్ణి."

"కుక్క తినేదా?"

"పాతిపెట్టేది."

"మరి ఫాదరో? మనిద్దరికీ విడిగా గోధుమ తగ్గించిన సత్ప్రసాదం తెప్పిస్తున్నాడు, చిన్న వెండి డబ్బాలో! వరసలో మనల్నే ముందు పిలుస్తాడు! దేవుడి దగ్గర కూడా అబద్ధమాడావా?"

"లేదు లేదు. మొదటి వారమే పాపసంకీర్తనంలో చెప్పేసుకున్నాను. ఆయనకి దగ్గుతెర వచ్చింది."

"దగ్గా? ఎలాంటి దగ్గు?"

"ముక్కులోంచి వచ్చే దగ్గు. ఎంతసేపటికీ ఆగలేదు. ప్రాయశ్చిత్తంగా వారం వారం ఆ ముక్క ఆఖరి పలుకు దాకా తినమన్నాడు, డింప్నాకి తోడుగా కూర్చోమన్నాడు."

"దొంగ ముసలాడు! నా దగ్గరా అదే దగ్గు దగ్గాడు."

"నీ దగ్గర ఎందుకు దగ్గాడు?"

"ఓవెన్ తెరువు."

"ఎందుకు?"

"తెరువు మాలకీ. గుడ్డతో పట్టుకో, చెయ్యి కాలుతుంది. ఏం కనిపిస్తోంది?"

"సోడా రొట్టె."

"ఊఁ."

"పక్కింటిది నీ ఓవెన్లోకి ఎలా…"

"గోధుమపిండిది. మజ్జిగ పోసి ఈ చేతులతో కలిపింది. రెండ్రోజులకోసారి చేస్తాను. తలుపులు వేసుకుని, కర్టెన్లు దించుకుని, సారా కాచేవాళ్లలాగా."

"నీకూ లేదా!"

"లేదు."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ లేదు. అంతా అసంప్టా కేకు వల్లే. ఎండు ద్రాక్షల కేకు. ఈ ఊళ్లో పెళ్లికి అదే, చావుకి అదే, పూజ తర్వాత టీకి అదే. నేను మొదటిసారి మా అమ్మ పోయిన రోజు తిన్నాను. రెండు ముక్కలు తిన్నాను, మర్యాదకి. తింటుంటే కళ్లెంబడి నీళ్లొచ్చాయి, అందరూ అమ్మ కోసమనుకున్నారు."

"వద్దనలేకపోయావా?"

"ఎలా అనను? ఇప్పుడు నువ్వు నా స్కోను వద్దన్నావా? ఒకసారి వద్దంటాం, రెండోసారి వద్దంటాం, మూడోసారి పళ్లెం పట్టుకుని మొహంలోకి చూస్తుంది. పాతికేళ్లు తిన్నాను మాలకీ. ఆరేళ్ల కిందట కొత్త పళ్లు కట్టించుకున్న మర్నాడే కేకు పట్టుకుని ఎదురొచ్చింది. నా కొత్త పళ్లు! 'గోధుమ తినొద్దన్నాడే డాక్టరు' అనేశాను. మర్నాటికి బల్ల వేశారు. ఆ వారానికి గళ్ల గుడ్డ. నెలాఖరుకి చందాలు పోగేసి విడిగా టోస్టరు కొన్నారు. టోస్టరు మీద నా పేరు చెక్కించారయ్యా! ఇంకేం నోరు పెట్టుకుని చెప్పను?"

"మరి ఏటా పన్ను వెనక్కి తెచ్చుకుంటున్నావుగా?"

"ఒక్క పైసా అడగలేదు. ఊరి దగ్గర ఆడిన అబద్ధం చాలు, దేశం దగ్గర కూడానా?"

"మరి నన్నెందుకు అడగమని ప్రాణం తీశావు?"

"నీది నిజం జబ్బనుకున్నానుగా. ఒంటరివాడు, ఆరు యూరోల రొట్టె కొంటున్నాడు, పాపం అని…"

"అంతేనా?"

"ఫారం పది నిమిషాల పని. నీకు మాత్రం మధ్యాహ్నమంతా పడుతుందని చెప్పాను."

"ఎందుకు?"

"ఎందుకేంటి ఎందుకు! అరగంట నీకొక్కడికే చాల్లేదనుకున్నావా? రొట్టె చల్లారిపోతోంది. చాకు అందుకో. ఎర్ర దారం లేనిది."

"అంచు ముక్క నాది."

"అంచు నాదయ్యా! ఇల్లు నాది, అంచు నాది."

"ఇటు అంచు నీది, అటు అంచు నాది. రొట్టెకి రెండు అంచులుంటాయి డింప్నా."

"వెన్న దండిగా రాయి. అలా గీరతావేంటి, గోడకి సున్నమా?"

"ఆహా."

"ఏడుస్తున్నావా?"

"వేడికి. వెన్న కరిగి… ఆగు, అది కారు చప్పుడు కాదూ?"

"అసంప్టా కారు! రొట్టె దాచు!"

"ఎక్కడ?"

"డబ్బాలో! రసీదుల డబ్బాలో పెట్టు!"

"మూత పట్టట్లేదు…"

"కూర్చో దాని మీద. వద్దు, మోచెయ్యి పెట్టు. మూతి తుడుచుకో. నుసి, నుసి!"

"ఒసే డింప్నా, ఉన్నావుటే? దిక్కుమాలిన వాన. ఓ, మాలకీ కూడా ఇక్కడే ఉన్నాడే! మంచిదైంది, ఇద్దరికీ ఒకేసారి చెప్పొచ్చు."

"రా అసంప్టా, కూర్చో. ఆ సంచిలో ఏంటే?"

"కేకే. నా చేతిలో ఇంకేముంటుంది?"

"అయ్యో, మా ఇద్దరికీ పడదని తెలుసుగా."

"అదే చెప్పబోతున్నా. ఇందులో గోధుమ లేదు."

"లేదా?"

"నలుసంత లేదు. ఏం చెప్పనే, పోయిన నెల కడుపులో తిప్పుతోందని ఆసుపత్రికి వెళ్లానా, గొట్టం వేసి చూశారు. నాకూ మీ జబ్బేనట! ఇదిగో డాక్టరు ఉత్తరం, ఇవిగో రసీదులు. నువ్వు ఫారాలు బాగా నింపుతావుటగా, నాదీ నింపు. ఇక ఆదివారం నుంచి నేనూ మీ బల్ల దగ్గరే. ప్రతి వారం కేకు తెస్తాను. పాపం ఆరేళ్లు నోరు కట్టుకుని చూస్తూ కూర్చున్నావు."

"ప్రతి వారమా అండీ?"

"ప్రతి వారం మాలకీ. నువ్వు రెండు ముక్కలు తినొచ్చు. అవునూ, ఆ డబ్బాలోంచి ఆవిరొస్తోందేంటి?"

"రసీదులండీ. తడిశాయి. ఆరుతున్నాయి."

"రసీదులకి వెన్న ఎవరు రాశారు? చెయ్యి తియ్యి మాలకీ. హవ్వ! సోడా రొట్టె! గోధుమ రొట్టె! జబ్బు మనిషి వంటింట్లో!"

"నాదండీ. నేనే తెచ్చాను. డింప్నాకేం తెలియదు. నాకు జబ్బూ లేదు, గిబ్బూ లేదు. రెండేళ్లుగా అబద్ధమాడాను."

"ఎందుకయ్యా?"

"ఆమె ఎదురుగా కూర్చోడానికి."

"ఈ వయసులోనా!"

"ఇంతకుముందు వయసులో ధైర్యం చాల్లేదండీ."

"బాగుందయ్యా సంబడం! ఆ బల్లకి ఉన్నవి రెండే కుర్చీలు. జబ్బున్నదాన్ని నేను నిలబడాలా? ఆదివారం నుంచి ఆ కుర్చీ నాది."

"న్యాయమేనండీ. మీదే. నేను… నేను తలుపు దగ్గర నిలబడతాను. వస్తా డింప్నా. ఆవులకి వేళయింది."

"కూర్చో మాలకీ."

"పర్లేదు…"

"కూర్చోమన్నానా! అసంప్టా, రెండు కుర్చీలూ నీవే. బల్లా నీదే. టోస్టరు మీద పేరు గీకించుకో. ఆ రొట్టె చేసింది నేను. నాకూ ఏ జబ్బూ లేదు."

"ఏంటే నువ్వనేది?"

"ఆదివారం నేనూ మాలకీ పెద్ద బల్ల దగ్గర కూర్చుంటాం, పక్కపక్కనే. ఊరంతా చూడనీ."

"అది సరే! ఆరేళ్లు ఎందుకాడావే అబద్ధం?"

"నీ కేకు తప్పించుకోడానికి."

"నా కేకా?"

"క్షమించవే."

"నా కేకు బాగుండదా? చిన్నప్పటినుంచీ ఒకే బెంచీలో కూర్చున్నాం. నిజం చెప్పు."

"ఇటుకరాయే అసంప్టా. ద్రాక్షలు గుచ్చిన ఇటుకరాయి."

"డింప్నా, ఆవిడ భుజాలు కదులుతున్నాయి. ఏడిపించావు."

"అయ్యో, ఏడవకే, నా తల్లీ…"

"ఏడుపు కాదే, నవ్వు! మీ అమ్మ పోయినరోజు మొట్టమొదటిసారి చేశానే అది. మాడిపోయింది. పెరట్లో పారేద్దామని పట్టుకెళ్తుంటే నువ్వే ఆపి రెండు ముక్కలు తిన్నావు. కళ్లనిండా నీళ్లతో నా చెయ్యి పట్టుకుని, జన్మలో ఇంత మంచి కేకు తినలేదన్నావు. నాకది ఒక్కనాడూ గొంతు దిగలేదు డింప్నా. నీకిష్టమనే ముప్ఫై ఒక్కేళ్లుగా మాడ్చి మాడ్చి చేస్తున్నాను!"